రిజిస్టరు నుంచి ట్యాబ్‌కు: రాసే చేతికి ఏం దక్కుతోంది?

గోదావరి డెల్టాలో ఏదో ఒక పల్లెలో యాభై దాటిన ఒకామెకు ఏఎన్‌ఎం బీపీ చూసిందనుకుందాం. 148/94 వచ్చింది. ఆ అంకె ముందుగా ఏఎన్‌ఎం చేతి నోట్‌బుక్కులో పడుతుంది. తర్వాత రోగి దగ్గరుండే కార్డులోకి, ఉపకేంద్రంలోని బీపీ, షుగరు రిజిస్టరులోకి, ట్యాబ్‌లోని యాప్‌లోకి, నెలాఖరున పీహెచ్‌సీకి పంపే రిపోర్టులోకి ఎక్కుతుంది. ఒకే అంకెను అయిదు చోట్ల రాయాల్సి వస్తే తప్పు దొర్లడానికి అయిదు అవకాశాలు ఇచ్చినట్టే. ఇంత రాసినా, మూడు నెలల తర్వాత అదే మనిషి పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు డాక్టరు ముందు ఆ 148/94 ఉంటుందన్న నమ్మకం లేదు. ఆమె కార్డు ఇంట్లో మర్చిపోయి ఉండొచ్చు, రిజిస్టరు ఉపకేంద్రం బీరువాలో ఉండొచ్చు, యాప్‌లోని వివరం డాక్టరు తెరిచే తెర మీద కాకుండా జిల్లా అధికారి చూసే తెర మీద ఉండొచ్చు. కాగితం నుంచి కంప్యూటరుకు మారడమంటే ఈ అంకె ఒక్కసారి పుట్టి, అవసరమైన ప్రతి చోటా కనబడటం. పనిలో తరచుగా జరుగుతున్నది మాత్రం ఉన్న నాలుగు చోట్లకు అయిదో చోటు కలవడం. ఈ తేడా ఎక్కడ వస్తోంది, వైద్య సిబ్బందిని ఈ మార్పులోకి నడిపించే మనిషి దాన్ని ఎలా సరిచేయగలరు అన్నది ఈ అధ్యాయం విషయం. దీని వాదన ఒక్కటే: రాసేవారికి తిరిగి ఏదో ఒక మేలు చేసే రికార్డే నిలుస్తుంది, నిజం చెబుతుంది. పై అధికారి కోసమే రాసే రికార్డు, కాగితం మీద ఉన్నా తెర మీద ఉన్నా, కొంతకాలానికి మొక్కుబడిగా మారుతుంది.

కాగితం ఏం చేయగలిగింది

కాగితాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఇప్పుడు ఆనవాయితీ అయింది. డెల్టా అనుభవం దీన్ని ఒప్పుకోదు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్’ పేరుతో ఒక అధ్యయనం జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అందులో భాగస్వాములు. ఆ గ్రామాల జనాభా 1,80,162. ఏడాదిలో అక్కడ 1,354 మరణాలు నమోదయ్యాయి. చనిపోయిన దాదాపు ప్రతి మనిషి ఇంటికీ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త వెళ్లి, చివరి రోజుల్లో కనబడిన లక్షణాలు, వాడిన మందులు, చూపించుకున్న ఆసుపత్రి వివరాలు కుటుంబ సభ్యులను అడిగి ఫారంలో రాశారు. ఆ ఫారాలు చదివి డాక్టర్లు మరణ కారణం నిర్ణయించారు. దీన్ని మౌఖిక శవపరీక్ష అంటారు. తేలిందేమిటంటే, మరణాల్లో 32 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. గాయాలు, ప్రమాదాల వాటా 13 శాతం, అంటువ్యాధుల వాటా 12 శాతం. పల్లెల్లో చావులకు అంటురోగాలే ప్రధాన కారణమని అప్పటిదాకా ఉన్న నమ్మకాన్ని కాగితం మీద నింపిన ఫారాలు తలకిందులు చేశాయి. ఆ ఫారం ఎందుకు పనిచేసింది? అడిగే ప్రశ్న ఒకటే, అది అందరికీ తెలుసు. రాసినవారికి శిక్షణ ఉంది. నింపిన ప్రతి ఫారాన్నీ చదవడానికి అవతల ఒక డాక్టరు ఎదురుచూస్తున్నాడు. మంచి రికార్డుకు కావలసిన మూడు లక్షణాలూ ఇవే. వీటిలో కంప్యూటరుతో ముడిపడినది ఒక్కటీ లేదు.

అలాంటప్పుడు మారడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఆ అధ్యయన ఫలితంలోనే ఉంది. జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిపోయే రోజుల్లో రోగికీ డాక్టరుకూ ఉన్న సంబంధం వారం పది రోజులది. ఒక ఓపీ చీటీ దానికి సరిపోయేది, పని అయిపోయాక పారేసినా పెద్ద నష్టం ఉండేది కాదు. బీపీ, షుగరు అలా కాదు. నలభై ఏళ్లకు మొదలైన బీపీ మనిషితో పాటు ముప్ఫై ఏళ్లు నడుస్తుంది. ఆ ముప్ఫై ఏళ్లలో రోగి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, పీహెచ్‌సీకి, రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి, పక్షవాతం వస్తే కాకినాడ జనరల్ ఆసుపత్రికి తిరుగుతాడు. పిల్లల దగ్గర ఉండటానికి హైదరాబాదు వెళితే అక్కడా ఒక డాక్టరు. ఏ మందు ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో ఒక్కచోట లేకపోతే ప్రతి డాక్టరూ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. ప్లాస్టిక్ కవర్లో మడతలు పడిన చీటీల దొంతర ఈ పని చేయలేదు. జబ్బుల తీరు మారింది కాబట్టే రికార్డు తీరూ మారాలి. కంప్యూటరు కొత్తది, కాగితం పాతది అన్నది దానికి కారణం కాదు.

ట్యాబ్ వచ్చినా తగ్గని బీపీ

ఈ మార్పును కొలిచి చూసిన గట్టి ప్రయోగం ఒకటి పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగింది. దాని పేరు స్మార్ట్‌హెల్త్ ఇండియా. 18 పీహెచ్‌సీలు, 54 గ్రామాలు అందులో ఉన్నాయి. నలభై ఏళ్లు దాటిన వారి దగ్గరికి ఆశ కార్యకర్తలు ట్యాబ్, బీపీ మెషిన్, షుగరు చూసే పరికరం పట్టుకుని వెళ్లారు. వయసు, పొగ తాగే అలవాటు, బీపీ, షుగరు ట్యాబ్‌లో ఎక్కించగానే గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎంత ఉందో లెక్కకట్టి ట్రాఫిక్ దీపాల రంగుల్లో చూపించేది. ముప్పు ఎక్కువ ఉన్నవారి వివరం పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌కు చేరేది. ఏ మందు మొదలుపెట్టాలో మార్గదర్శకాల ప్రకారం అక్కడ సూచన ఉండేది. డాక్టరు రాసినది తిరిగి ఆశ ట్యాబ్‌కు వచ్చి, ఈ వారం ఎవరింటికి వెళ్లాలో జాబితాగా కనబడేది. యాదృచ్ఛిక ప్రయోగ పద్ధతిలో దీన్ని నడిపారు. ముందు కొన్ని పీహెచ్‌సీల్లో, తర్వాత విడతలవారీగా మిగతా వాటిలో మొదలుపెట్టి, ట్యాబ్ ఉన్న కాలాన్ని లేని కాలంతో పోల్చారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. ముప్పు ఎక్కువున్న వారిలో బీపీ అదుపులో ఉన్నవారు ట్యాబ్ ఉన్నప్పుడు 41.2 శాతం, లేనప్పుడు 39.2 శాతం. గణాంక శాస్త్రం లెక్కలో దీన్ని తేడాగా చెప్పుకోవడానికి లేదు.

ఈ ఫలితాన్ని చదవడంలో తొందరపడకూడదు. ట్యాబ్ దండగ అని తేల్చేయడం ఎంత తప్పో, ప్రయోగంలో ఏదో లోపముందని దులిపేసుకోవడమూ అంతే తప్పు. యాప్ పనిచేసింది. ఆశ కార్యకర్తలు దాన్ని బాగానే వాడారు. వేల మంది ముప్పును ఇంటి గడపలోనే లెక్కకట్టారు. పల్లెలో కాస్తో కూస్తో చదువుకున్న ఆడవాళ్లు ఇలాంటి పరికరం వాడలేరన్న అనుమానం ఆ పల్లెల్లోనే తీరిపోయింది. అడ్డం పడింది తర్వాతి మెట్టు. ముప్పు ఉందని తెలిసిన మనిషి కూలిపని మానుకుని పీహెచ్‌సీకి వెళ్లాలి, అక్కడ ఆరోజు డాక్టరు ఉండాలి, రాసిన మందు స్టాకులో ఉండాలి, వారానికో పది రోజులకో కాకుండా నెలకు సరిపడా ఇవ్వాలి, అయిపోయాక మళ్లీ దొరకాలి. ఈ గొలుసులో ఏ లింకు తెగినా తెర మీది ఎర్ర రంగు ఎర్రగానే ఉంటుంది. రికార్డు ఒక పనికి పిలుపు. పిలిచినప్పుడు పలికే మనిషి, అందే మందు లేకపోతే ఎంత చక్కటి రికార్డయినా రోగం తగ్గించదు. అందుచేత డిజిటల్ మార్పుకు పూనుకునే డాక్టరు యాప్ శిక్షణ కంటే ముందు ఫార్మసీ స్టాకు రిజిస్టరు తెరిచి చూడాలి. అమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ మూడు నెలలకు సరిపడా లేని చోట కొత్తగా వెయ్యి మంది బీపీ రోగులను తెర మీదికి ఎక్కించడం వల్ల సిబ్బందికి అవమానం, రోగికి విసుగు మిగులుతాయి.

రెండు పనుల బరువు

ఏఎన్‌ఎంల చేతికి కంప్యూటరు ఇవ్వడం మన ప్రాంతంలో నిన్నటి సంగతి కాదు. 2000 దశకం మొదట్లోనే ఉమ్మడి రాష్ట్రంలోని నల్లగొండ జిల్లాలో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఇచ్చి చూశారు. సీఎంసీ సంస్థ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది, ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇన్ఫోడెవ్ సాయం చేసింది. ఏఎన్‌ఎం పనివేళల్లో 40 శాతం దాకా రిజిస్టర్లకే పోతోందని, ఆ సమయం మిగల్చడమే లక్ష్యమని అప్పుడు చెప్పారు. లక్ష్యం మంచిదే. అయితే కొత్త యంత్రం వచ్చాక కూడా పాత రిజిస్టర్లు కొనసాగాయి. మిగలాల్సిన సమయం కాస్తా రెండోసారి రాయడానికి సరిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ తర్వాత 2012లో క్షయకు నిక్షయ్, 2016లో తల్లీబిడ్డల సేవలకు అన్‌మోల్, 2021లో కోవిడ్ టీకాలకు కోవిన్, అంటువ్యాధుల నిఘాకు ఐహెచ్‌ఐపీ, బీపీ షుగర్లకు మరో పోర్టల్ వచ్చాయి. దేనికదే అవసరమైనదే. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడంతో, అన్నిటికీ అదే మనిషి పేరు, అదే ఆధార్ నంబరు, అదే ఇంటి చిరునామా మళ్లీ మళ్లీ కొట్టాల్సి వస్తోంది.

దీని ఫలితం రికార్డు నాణ్యత మీద పడుతుంది. ఎక్కువ ఎంట్రీలు, తక్కువ సమయం ఉన్నప్పుడు మనిషి చేసే పని ప్రపంచమంతటా ఒక్కటే: సురక్షితమైన అంకె వేసేయడం. బీపీ కాలమ్‌లో 120/80, 130/80, 120/80 అని పేజీ పొడుగునా కనబడితే ఆ ఊరంతా ఆరోగ్యంగా ఉందని అనుకోనక్కర్లేదు. నిజంగా కొలిచిన బీపీలు 126/84, 143/91, 117/73 అన్నట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చివరి అంకె సున్నా దగ్గరే కుప్పపడదు. చివరి అంకెల వాటా చూసి కొలత నిజమా కాదా చెప్పడం గణాంక నిపుణులకు పాత విద్య. అబద్ధపు అంకె రాసిన ఏఎన్‌ఎంను మందలించడం తేలిక. ఆమె ఆ అంకె ఎవరి కోసం రాసిందో అడగడం అవసరం. ఆ అంకె వల్ల తన పని ఎన్నడూ తేలిక కాకపోతే, రాయకపోతే మాత్రం మెమో వస్తే, ఆమె రాస్తున్నది రోగి రికార్డు కాదు, తన ఉద్యోగ రక్షణ పత్రం. తెర మీదికి మారితే ఈ జబ్బు తగ్గదు సరికదా, అబద్ధం రంగురంగుల గ్రాఫుగా మారి మరింత నమ్మబలుకుతుంది.

దీనికి తిరుగు ఉదాహరణలూ మన దగ్గరే ఉన్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటినుంచీ చికిత్సకు ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లోనే. అదే ఏడాది చివర్లో రెండు గోదావరి జిల్లాలకూ అది వచ్చింది. 2020 జనవరి 3న ఏలూరులో మొదలైన ప్రయోగంలో పశ్చిమ గోదావరి జిల్లాకు దాన్ని 2,059 చికిత్సలకు విస్తరించారు. స్కానులు, రిపోర్టులు, డిశ్చార్జి వివరాలు అప్‌లోడ్ చేయకపోతే ఆసుపత్రికి బిల్లు రాదు. అందుకే కంప్యూటరంటే ముఖం తిప్పుకునే ఆసుపత్రులు కూడా ఆ పని వారాల్లో నేర్చుకున్నాయి. పని చేసినవారికి తిరిగి ఏదో దక్కడం ఎంత బలమైనదో ఇక్కడ కనబడుతుంది. లోపమూ ఇక్కడే కనబడుతుంది. డబ్బు కోసం రాసిన రికార్డు డబ్బుకు అవసరమైనంతే చెబుతుంది. ఆపరేషను తర్వాత ఆరు నెలలకు రోగి ఎలా ఉన్నాడో అడిగే గడి అందులో ముఖ్యం కాకుండా పోతుంది. మరో దారి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిది. ఆ సంస్థ ఐస్మార్ట్ అనే రికార్డు వ్యవస్థను బయట కొనకుండా తమ వైద్యులతోనే కలిసి రూపొందించుకుంది. హైదరాబాదులోని పెద్దాసుపత్రి నుంచి పల్లెల్లోని దృష్టి కేంద్రాల దాకా విస్తరించింది. 2010 నుంచి 2018 దాకా ఎనిమిదేళ్లలో సుమారు 22 లక్షల 70 వేల మంది రోగుల వివరాలు అందులో చేరాయి. పల్లెలో కన్ను చూసిన టెక్నీషియన్ రాసిన వాక్యాన్ని నగరంలోని డాక్టరు చదివి జవాబిస్తాడు. రాసిన చేతికి జవాబు రావడం ఆ వ్యవస్థ నిలబడటానికి ఒక పెద్ద కారణం.

ఒకే సాఫ్ట్‌వేర్, రెండు ఫలితాలు

నాయకత్వం ఎంత తేడా తేగలదో చూపే ఉదాహరణ అమెరికాది. పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో 2002లో డాక్టర్లు మందుల ఆర్డర్లను కాగితం మీద రాయడం మానేసి కంప్యూటరులో ఇవ్వడం మొదలుపెట్టారు. ఆసుపత్రి అంతటా ఆరు రోజుల్లో మార్పు పూర్తిచేశారు. వేరే ఆసుపత్రుల నుంచి ప్రాణాపాయంలో తరలించిన పిల్లల మరణాల శాతం అంతకు ముందు 2.80 ఉండగా, తర్వాత అయిదు నెలల్లో 6.57కు పెరిగిందని 2005లో అక్కడి వైద్యులే ప్రచురించారు. కారణాలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అంతకు ముందు బిడ్డ అంబులెన్సులో ఉండగానే డాక్టరు ఆర్డర్లు రాసేవాడు, మందు సిద్ధంగా ఉండేది. కొత్త పద్ధతిలో బిడ్డ ఆసుపత్రిలోకి వచ్చి పేరు నమోదయితే తప్ప ఆర్డరు ఇవ్వడానికి వీల్లేదు. నర్సులు మంచం పక్క నుంచి లేచి కంప్యూటరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. అదే సాఫ్ట్‌వేర్‌ను సియాటిల్ పిల్లల ఆసుపత్రి కూడా పెట్టుకుంది. అక్కడి ఐసీయూలో మరణాల శాతం 4.22 నుంచి 3.46కు వచ్చింది. ఆ తగ్గుదల గణాంకపరంగా నిలిచేది కాదు గానీ, పెరగలేదన్నది స్పష్టం. సియాటిల్ వాళ్లు ఐసీయూలో తరచూ వాడే ఆర్డర్లను ముందే కట్టలుగా తయారుచేసి పెట్టుకున్నారు, ఆ విభాగం సిబ్బందిని తయారీలో కూర్చోబెట్టుకున్నారు. యంత్రం ఒకటే. పని జరిగే తీరును ముందు చదివిన జట్టుకు ఒక ఫలితం, చదవని జట్టుకు ఇంకో ఫలితం వచ్చాయి. బ్రిటన్ 2002లో దేశమంతటికీ ఒకే ఆరోగ్య రికార్డు తేవాలని మొదలుపెట్టిన పథకం దాదాపు వెయ్యి కోట్ల పౌండ్లు మింగి, 2011లో కూలిపోయింది. వాడేవారిని అడగకుండా పై నుంచి రుద్దడమే దాని మీద వచ్చిన ప్రధాన విమర్శ.

దీన్ని మన పీహెచ్‌సీకి అన్వయిస్తే మెడికల్ ఆఫీసరు చేయాల్సిన మొదటి పని తెలుస్తుంది. యాప్ మొదలుపెట్టే ముందు ఒక వారంపాటు రోగి గేటు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి మందు తీసుకుని వెళ్లేదాకా ఎవరు, ఎక్కడ, ఏం రాస్తున్నారో గీసి చూడాలి. ఓపీ చీటీ దగ్గర పేరు, నర్సు దగ్గర మళ్లీ పేరు, ల్యాబ్‌లో మళ్లీ పేరు, ఫార్మసిస్టు దగ్గర మళ్లీ పేరు. ఈ నాలుగింటిలో మూడు ఆగాలి. తర్వాత ఒకే ఒక్క సేవతో మొదలుపెట్టాలి. గర్భిణుల పరీక్షల రోజో, బీపీ షుగరు క్లినిక్ రోజో ఏదైనా ఫరవాలేదు. అది కుదిరాక రెండోది. ప్రతి సోమవారం ఆ వారం రావాల్సి ఉండి రాని రోగుల జాబితా ట్యాబ్ నుంచి తీసి ఆశ కార్యకర్త చేతిలో పెట్టాలి. తను కొట్టిన ఎంట్రీ తన పనిని తేలిక చేసిందని ఆమెకు తెలిసే క్షణం అదే. జట్టులో అందరికంటే ముందు యాప్ పట్టుబడిన మనిషిని, అది జూనియర్ ఏఎన్‌ఎం కావచ్చు, ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చు, మిగతావారికి గురువును చేయాలి. హోదా చూసి సూపర్‌వైజరును నిలబెడితే సందేహాలు బయటికి రావు.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం చాలామంది మెడికల్ ఆఫీసర్లు చెప్పేదే: యాప్‌లు పై నుంచి వస్తాయి, వాటిని మార్చే అధికారం మాకెక్కడిది? ఇది నిజం. సాఫ్ట్‌వేర్ ఎంపిక, అందులో ఎన్ని గడులుండాలన్నది పీహెచ్‌సీ చేతిలో లేదు. అయినా ఎంట్రీ ఎప్పుడు, ఎవరు, రోగి ఎదుటే కొట్టాలా సాయంత్రం కూర్చుని కొట్టాలా అన్నది పీహెచ్‌సీ చేతిలోనే ఉంది. రిజిస్టర్లలో ప్రభుత్వం అడిగినవి కొన్నయితే, ఎప్పుడో ఎవరో అధికారి మాటవరసకు అడగగా మొదలై అలవాటుగా సాగుతున్నవి కొన్ని. ఈ రెండో రకాన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెలవారీ సమావేశంలో అంకెలు చదివి మందలించడానికి బదులు అంకెలు చూసి నిర్ణయం తీసుకోవడమూ అదే చేతిలో ఉంది.

రెండోది చట్టం భయం. కోర్టు కేసో ఆడిటో వస్తే కాగితమే కావాలి కదా అంటారు. భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి ఇన్‌పేషంట్ల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని చెబుతూనే, త్వరగా వెతికి తీయడానికి రికార్డులను కంప్యూటరీకరించే ప్రయత్నం చేయాలని కూడా చెప్పింది. సమాచార సాంకేతిక చట్టం 2000 సంవత్సరంలోనే ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టబద్ధత ఇచ్చింది. ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్రం 2013లో ప్రకటించి 2016లో సవరించింది. మెడికో లీగల్ కేసుల వంటి కొన్నిటికి కాగితం ఉండాల్సిందే. వాటి పేరు చెప్పి జ్వరం రోగి వివరాన్ని కూడా రెండుసార్లు రాయించడానికి చట్టం కారణం కాదు, సాకు మాత్రమే.

మూడోది డెల్టాకు ప్రత్యేకం. కరెంటు పోయి, నెట్ పోతే? 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి చరిత్రలోనే అత్యధిక ప్రవాహం నమోదైంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో కొబ్బరితోటలతో పాటు స్తంభాలనూ కూల్చింది. 2022 జులై వరదలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ల మధ్య ఉన్నాయి. అలాంటప్పుడు టవర్ పనిచేయదు, నిజమే. అయితే నీళ్లు ఎక్కిన గదిలో బీరువా అడుగు అరలోని రిజిస్టర్లూ మిగలవు. టవర్ తిరిగి లేస్తుంది, నానిన రిజిస్టరు తిరిగి రాదు. దీనికి విరుగుడు రెండు ఏర్పాట్లు: నెట్ లేకపోయినా ట్యాబ్‌లోనే దాచుకుని తర్వాత సర్వర్‌కు పంపగల యాప్, కరెంటు లేని రోజుల కోసం తెరలోని గడుల వరుసలోనే అచ్చువేసిన ఒక్క పేజీ ఫారం. వరద వస్తుందనగా గర్భిణుల, డయాలసిస్ రోగుల, ఇన్సులిన్ వాడేవారి జాబితా ఊరి వారీగా తీసి పడవలతో వెళ్లేవారికి ఇవ్వగలిగితే, ఆ ఒక్క రోజు చాలు ఏడాదంతా పడిన కష్టానికి.

నాలుగోది అన్నిటికంటే బరువైనది. తెర డాక్టరుకూ రోగికీ మధ్య గోడ కాదా? అవుతుంది. 2016లో అమెరికాలో 57 మంది డాక్టర్లను వెన్నంటి సమయం కొలిచినప్పుడు, రోగితో ముఖాముఖి గడిపింది 27 శాతం, కంప్యూటరుతో, కాగితాల పనితో గడిపింది 49 శాతం అని తేలింది. అక్కడి రికార్డు బిల్లుల కోసం పెరిగి పెరిగి ఆ స్థితికి వచ్చింది. మనం ఆ దారి పట్టకుండా ఉండాలంటే ప్రతి కొత్త గడికీ ఒక ప్రశ్న వేయాలి: దీన్ని చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారు? జవాబు లేని గడి తీసేయాల్సిందే. ఓపీలో వందమందిని చూసే డాక్టరు చేత టైపు చేయించడం కాకుండా, పేరు, బరువు, బీపీ అంతకు ముందు బల్ల దగ్గరే ఎక్కేలా చూడాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వచ్చిన ‘స్కాన్ అండ్ షేర్’ ఈ దిశలో మంచి అడుగు. రోగి ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ చీటీ వివరాలు వాటంతట అవే నిండుతాయి. డెల్టా మధ్యలోనే ఉన్నా పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం, ఆ కేంద్రపాలిత ప్రాంతంతో పాటు, 2020 ఆగస్టులోనే ఈ మిషన్ తొలి ప్రయోగంలో భాగమైంది. ఆ మిషన్ కింద రోగికి ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు అప్పటినుంచి దేశమంతటా వ్యాపించింది. నంబర్లు ఎన్ని సృష్టించామన్నది ప్రగతికి కొలమానం కారాదు. ఆ నంబరు కింద రోగికి పనికొచ్చే ఒక్క డిశ్చార్జి సమ్మరీ అయినా ఉందా అన్నదే అడగాలి.

అయిదోది గోప్యత. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద జరిగిన దాడితో అక్కడి ఆన్‌లైన్ సేవలు రెండు వారాలపాటు నిలిచిపోయాయి. ఆ ముప్పు నిజం. పల్లెల్లో అంతకంటే దగ్గరి ముప్పు ఇంకొకటి ఉంది. హెచ్‌ఐవీ, క్షయ, పెళ్లికి ముందు గర్భం వంటి వివరాలు ఊళ్లో నలుగురి నోట పడితే ఒక జీవితమే చితికిపోతుంది. బల్ల మీద తెరిచి ఉంచిన రిజిస్టరులో అది ఎవరైనా చదవొచ్చు, ఎవరు చదివారో తెలియదు. తెర మీది రికార్డులో చూసినవారి జాడ ఉంటుంది, కానీ ఒకే పాస్‌వర్డు అందరూ వాడుతున్న చోట ఆ జాడకు విలువ లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రోగి అంగీకారానికి బలం ఇచ్చింది. దాన్ని పీహెచ్‌సీలో అమలు చేయడమంటే ఎవరి లాగిన్ వారికే ఉంచడం, రోగి ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎందుకో చెప్పి అడగడం, రోగుల జాబితాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకపోవడం. వీటికి బడ్జెట్ అక్కర్లేదు.

మొత్తం మీద తీర్పు ఇది. మంచి ప్రశ్న, శిక్షణ పొందిన చేయి, అవతల చదివే మనిషి ఉంటే కాగితం కూడా నిజం చెబుతుందని 45 గ్రామాల మరణాల లెక్క చూపింది. ఇవన్నీ ఉన్నా మందు, డాక్టరు అందకపోతే ట్యాబ్ కూడా రోగం తగ్గించలేదని 54 గ్రామాల ప్రయోగం చూపింది. రెంటినీ కలిపి చదివితే వైద్యశాఖను కోరాల్సింది స్పష్టం: కొత్త యాప్ మొదలుపెట్టమనే ప్రతి ఉత్తర్వులోనూ ఏ రిజిస్టరు ఏ తేదీ నుంచి ఆగిపోతుందో రాయాలి, ఆ యాప్ బయటపెట్టే రోగులకు సరిపడా మందులు ఎక్కడినుంచి వస్తాయో రాయాలి. ఈ రెండు వాక్యాలు లేని ఉత్తర్వును పీహెచ్‌సీ డాక్టర్లు సమీక్షా సమావేశంలో లేచి నిలబడి ప్రశ్నించాలి.